ఈబిట్‌లో కావలసిన ఆవేశ స్థితి ఒక్కదాన్నే తయారుచేయగలమా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. మీరు కావలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నారు. శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్1 ఎగిరిన రోజు మేడ మీద నిలబడి దాని పొగచార చూశారు. సూర్యుడి కరోనాలో అది గమనించే ఆకుపచ్చ రేఖ 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుముదని తర్వాత చదివి, అలాంటి అయాన్లను నేల మీద తయారుచేసే ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్ (ఈబిట్) గురించి సెమినార్ ఇవ్వబోతున్నారు. మీరు అడిగినవి మూడు. ఎలక్ట్రాన్ల శక్తిని 361 ఎలక్ట్రాన్ వోల్టుల (ఈవీ) కంటే కాస్త పైన పెడితే 13+ ఇనుము (13 ఎలక్ట్రాన్లు పోయినది) ఒక్కటే వస్తుందా? పెద్ద యాక్సిలరేటర్లు ఉండగా ఈ ట్రాప్ దేనికి? ఊళ్లో ఉండి, యంత్రం లేకుండా దీని మీద చేయగల పని ఏదైనా ఉందా?

మొదటిదానికి సూటి సమాధానం: రాదు. ఎలక్ట్రాన్ పుంజం శక్తి పైకప్పును మాత్రమే నిర్ణయిస్తుంది. ఆ కప్పు కింద ఏ ఆవేశ స్థితి (అయాన్ ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందన్న లెక్క) ఎంత పాలు ఉండాలన్నది కాలమూ, లోపలికి వదిలే వాయువూ, శూన్యత నాణ్యతా కలిసి నిర్ణయిస్తాయి. వోల్టేజి తిప్పి అయాన్‌ను ఎంచుకుంటారని పుస్తకాలు రాసే వాక్యం తప్పు కాదు గాని, అందులో ఉన్నది సగం సంగతే. రొయ్యల చెరువులో అంతా ఒకే రోజు సీడ్ వదిలినా, పట్టుబడి నాడు వలలో అంతా ఒకే కౌంట్ రాదన్న విషయం మీ వైపు వారికి నేను చెప్పనక్కరలేదు. ట్రాప్‌లో కూడా ఎంత జాగ్రత్తగా నడిపినా మూడు నాలుగు ఆవేశ స్థితులు పక్కపక్కనే ఉంటాయి. మనకు కావలసినదాని పాలు పెంచుకోవడం మన చేతిలో ఉంటుంది, మిగిలినవాటిని పూర్తిగా లేకుండా చేయడం సాధారణంగా ఉండదు.

నేను ఐరోపాలోని ఒక ప్రయోగశాలలో పదకొండేళ్లు ఈబిట్ మీద పనిచేసి (ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్‌ను మేమంతా ఈబిట్ అనే పిలుస్తాం) ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. కింద రాసేది ఆ అనుభవం నుంచే.

యంత్రం గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక ఎలక్ట్రాన్ గన్ నుంచి వచ్చే పుంజాన్ని బలమైన అయస్కాంత క్షేత్రం వెంట్రుక మందానికి నొక్కుతుంది. 3 టెస్లాల అతివాహక అయస్కాంతం ఉంటే పుంజం వ్యాసం సుమారు 60, 70 మైక్రోమీటర్లకు దిగుతుంది. ఆ పుంజం వరుసగా ఉన్న మూడు లోహపు గొట్టాల గుండా పోతుంది, వీటిని డ్రిఫ్ట్ ట్యూబులంటారు. రెండు చివరి గొట్టాలకు నడిమి గొట్టం కంటే ఎక్కువ ధన వోల్టేజి ఇస్తే అయాన్లు నిలువునా తప్పించుకోలేవు. పక్కలకు పోకుండా ఆపేది ప్రధానంగా పుంజంలోని ఎలక్ట్రాన్ల రుణావేశమే. అంటే పట్టి ఉంచేదీ పుంజమే, ఎలక్ట్రాన్లను కొట్టి ఊడగొట్టేదీ పుంజమే. పుంజంతో అయాన్లను తయారుచేసే ఆలోచన 1960లలో రష్యాలోని దుబ్నాలో దొనెత్స్ అనే శాస్త్రవేత్తది. కానీ ఆయన పరికరం అయాన్లను బయటికి పంపే మూలం. దాన్ని కురచ చేసి, సుమారు 2 సెంటీమీటర్ల ట్రాప్‌కు పక్కన కిటికీలు పెట్టి, లోపలి అయాన్ల కాంతిని అక్కడికక్కడే చూసే పరికరంగా మార్చినది 1986లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో లెవీన్, మార్స్‌ల బృందం. అక్కడే శక్తిని 200 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కేఈవీ) దాకా పెంచిన సూపర్ ఈబిట్‌లో 1994 నాటికి యురేనియం నుంచి 92 ఎలక్ట్రాన్లనూ ఊడదీశారు. ఆ చివరి ఎలక్ట్రాన్ ఒక్కదానికే దాదాపు 132 కేఈవీ కావాలి.

ఇప్పుడు మీ 361 ఈవీ సంగతికి వస్తాను. పన్నెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము నుంచి పదమూడోది తీయడానికి సుమారు 361 ఈవీ, పద్నాలుగోది తీయడానికి సుమారు 392 ఈవీ కావాలి. కాబట్టి 375 దగ్గర పెడితే పదమూడు దగ్గరే ఆగిపోతుందన్నది మీ లెక్క. కాగితం మీద బాగానే ఉంది. అయితే పవర్ సప్లై మీద కనిపించే 375, ట్రాప్ మధ్యలో ఎలక్ట్రాన్‌కు నిజంగా ఉండే శక్తి ఒకటి కావు.

దీన్ని మీరే లెక్క కట్టి చూడవచ్చు. 375 ఈవీ ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగంలో సుమారు 3.8 శాతం. పుంజం కరెంటు 5 మిల్లీఆంపియర్లు అనుకుంటే, మీటరు పొడవులో ఉండే ఆవేశం సుమారు 4.3 × 10⁻¹⁰ కూలుంబులు. ఈ ఆవేశం వల్ల పుంజం నడిమికీ అంచుకూ మధ్య దాదాపు 4 వోల్టుల తేడా ఏర్పడుతుంది. అంచు నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గొట్టం గోడ దాకా చూస్తే లాగరిథమ్ పదం వచ్చి చేరి, మొత్తం తేడా 40 వోల్టులు దాటుతుంది. 361కీ 392కీ మధ్య మీకున్న కిటికీ వెడల్పు 31 ఈవీ, దానిలో మీకు తెలియకుండా దాక్కున్న దోషం 40 ఈవీ. సప్లై మీద 375 చూసి తృప్తి పడితే లోపల నిజంగా ఉన్నది 335 కావచ్చు, అప్పుడు పదమూడో ఎలక్ట్రాన్ ఊడనే ఊడదు. దీనికి తోడు, పోగైన ధన అయాన్లు పుంజం రుణావేశాన్ని కొంత రద్దు చేస్తాయి గనుక ఆ 40 కూడా స్థిరంగా ఉండదు. వాయువు ఎంత వదిలామన్నదాన్ని బట్టి అది తగ్గుతుంది.

ఎక్కువ శక్తుల దగ్గర కూడా ఇదే కథ. 10 కేఈవీ, 150 మిల్లీఆంపియర్ల దగ్గర ఈ తేడా సుమారు 250 వోల్టులు. నేను చేరిన మొదటి సంవత్సరం ఇనుములో ఒక అనునాదం (ఒకానొక శక్తి దగ్గర మాత్రమే ఎగసే శిఖరం) 4.7 కేఈవీ దగ్గర రావలసి ఉండగా, నా గ్రాఫులో అది రెండు వందల వోల్టుల పైన కూర్చుంది. కొత్త సంగతేదో కనిపెట్టానని ఒక పూట సంబరపడ్డాను. మా సీనియర్ గ్రాఫును చూసి, "కరెంటు సగానికి తగ్గించి మళ్లీ గియ్యి" అని మాత్రం చెప్పి టీకి వెళ్లిపోయారు. కరెంటు సగం చేస్తే ఆ జరుగుబాటు కూడా సగమైంది. ఏ శక్తినైనా రెండు మూడు కరెంటుల దగ్గర కొలిచి, సున్నా కరెంటుకు గీత పొడిగించి చూడకుండా నమ్మవద్దు. అయాన్ల వల్ల కలిగే రద్దు ఈ గీతను కాస్త వంచుతుంది, అయినా అసలు దిద్దుబాటు చేయకపోవడం కంటే ఇది చాలా మేలు.

మెటాస్టేబుల్ స్థితుల వల్ల ఇంకొక చిక్కు ఉంది. అయాన్ ఎప్పుడూ తన కనిష్ఠ శక్తి స్థితిలోనే ఉండదు. కాంతిని వదిలి త్వరగా కిందికి దిగలేని స్థితులు కొన్ని ఉంటాయి. వాటిలో ఉన్న అయాన్ నుంచి ఎలక్ట్రాన్‌ను తీయడానికి తక్కువ శక్తి చాలు. అందువల్ల పట్టికలో రాసి ఉన్న అయనీకరణ శక్తికి కిందనే తర్వాతి ఆవేశ స్థితి రేఖలు కనిపించడం తరచుగా జరిగేదే. అలా కనిపిస్తే కొలత తప్పని కంగారు పడవద్దు. నేను పైకప్పు అన్నది కూడా కచ్చితమైన కాంక్రీటు స్లాబు కాదు, తాటాకు కప్పు లాంటిది.

ఇక కప్పు కింద ఏం జరుగుతుందో చూద్దాం, నా దృష్టిలో ఈ విషయంలో అసలు రుచి ఇక్కడే ఉంది. ఆర్గాన్‌ను ఉదాహరణగా తీసుకుంటాను, కొత్తవారు మొదట చేతిలో పట్టేది అదే వాయువు. చిట్టచివరి ఎలక్ట్రాన్‌ను తీయడానికి 4.43 కేఈవీ కావాలి. పుంజం 10 కేఈవీ దగ్గర ఉంటే, లోట్జ్ సూత్రం (అయనీకరణను అంచనా వేసే సులువైన సూత్రం) ప్రకారం ఆ అయనీకరణ అడ్డుకోత వైశాల్యం (అది జరిగే అవకాశానికి కొలత) సుమారు 8 × 10⁻²² చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 1000 ఆంపియర్ల పుంజం కింద ఒక్కొక్క అయాన్‌కు ఇది సెకనుకు సుమారు 5 సార్లు జరుగుతుంది, అంటే సగటున 0.2 సెకను నిరీక్షణ. దాని ముందరి ఎలక్ట్రాన్ 0.08 సెకనులో పోతుంది, అంతకు ముందరివి మరీ త్వరగా పోతాయి. అయాన్‌ను ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచగలిగితే మొత్తం ఒలిచేయవచ్చని దీన్ని బట్టి అనిపిస్తుంది.

అయితే ఒలిచిన అయాన్ ఊరుకోదు. లోపల మిగిలి ఉన్న తటస్థ పరమాణువు ఒక్కటి దగ్గరికి వచ్చినా దాని ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఒక మెట్టు దిగిపోతుంది. దీనిని ఆవేశ మార్పిడి అంటారు. 17+ ఆర్గాన్ అయాన్ తటస్థ ఆర్గాన్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కునే అడ్డుకోత వైశాల్యం సుమారు 2 × 10⁻¹⁴ చదరపు సెంటీమీటర్లు, అంటే అయనీకరణ వైశాల్యానికి రెండు కోట్ల రెట్లు పైన. ఇంత తేడా ఉన్నా ట్రాప్ పనిచేస్తోందంటే కారణం, తటస్థ పరమాణువులు అక్కడ దాదాపు లేకపోవడమే. లోపలి పీడనం 10⁻¹⁰ టార్ (టార్ పీడనానికి ఒక ప్రమాణం) అయితే ఒక అయాన్‌కు ఈ నష్టం సెకనుకు సుమారు 0.2 సార్లు జరుగుతుంది, ఐదుసార్లు జరిగే అయనీకరణ సులువుగా గెలుస్తుంది. పీడనం 10⁻⁸ టార్‌కు పెరిగితే నష్టం సెకనుకు 20 సార్లు అవుతుంది, అప్పుడు శక్తి ఎంత ఉన్నా చివరి ఎలక్ట్రాన్ పోయిన అయాన్లు అరుదు. ద్రవ హీలియంతో ట్రాప్ గోడలను సుమారు 4 కెల్విన్లకు చల్లబరిచేది అయస్కాంతం కోసం మాత్రమే కాదు. ఆ చల్లని గోడలకు వాయువు అణువులు అతుక్కుపోయి, గోడే పంపుగా పనిచేస్తుంది.

దీనిని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక రాత్రి షిఫ్టులో డిటెక్టర్‌కు కౌంట్లు తక్కువగా వస్తున్నాయని ఆర్గాన్ నీడిల్ వాల్వును చిటికెడు తెరిచాను. కౌంట్లు పెరిగాయి. ఇంకొంచెం తెరిచాను, మరీ పెరిగాయి. తెల్లవారేసరికి చక్కటి గణాంకాలతో ఒక వర్ణపటం తయారైంది గాని, నాకు కావలసిన 3.32 కేఈవీ హైడ్రోజన్ రకం (ఒక్క ఎలక్ట్రాన్ మిగిలిన అయాన్) రేఖ అందులో దాదాపు లేదు. 3.14 దగ్గర హీలియం రకం (రెండు ఎలక్ట్రాన్లు మిగిలినది) ముద్ద మాత్రం కొండలా నిలబడింది. నేను వదిలిన వాయువే నేను చేసిన అయాన్లను కిందికి దించింది. మర్నాడు వాల్వును దాదాపు మూసి, పదో వంతు కౌంట్లతో రెండు రోజులు కూర్చుంటే ఆ రేఖ దొరికింది. ఎక్కువ ఆవేశం కావాలంటే తక్కువ వాయువు, ఎక్కువ ఓపిక అని అప్పటి నుంచి కొత్తగా చేరినవారికి చెబుతూ వచ్చాను.

ఇంకొక సంగతి, పుస్తకాలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. ఎలక్ట్రాన్ గన్‌లోని కాథోడ్ సాధారణంగా బేరియం కలిపిన టంగ్‌స్టన్. వేడికి బేరియం కొంచెం కొంచెంగా ఆవిరై ట్రాప్‌లోకి చేరుతుంది. అది బరువైనది, ఎక్కువ ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది, కాబట్టి లోతుగా పాతుకుంటుంది. ఒకసారి ఆర్గాన్ వర్ణపటంలో 5 కేఈవీ ప్రాంతంలో అక్కడ ఉండకూడని గుబ్బ ఒకటి రెండు వారాలపాటు నన్ను వేధించింది. డిటెక్టర్ మార్చాను, కేబుళ్లు మార్చాను, ఎలక్ట్రానిక్స్‌ను అనుమానించాను. చివరికి అది బేరియం ఎల్ రేఖల (రెండో కక్ష్యలోకి ఎలక్ట్రాన్లు దిగినప్పుడు వచ్చే ఎక్స్-రేల) సముదాయమని తేలింది. తప్పు నాదే. గణాంకాల కోసం ట్రాప్‌ను నిమిషాల తరబడి ఖాళీ చేయకుండా నడుపుతున్నాను. నడిమి గొట్టం వోల్టేజిని ఒక్క క్షణం పైకి ఎత్తితే లోపలి అయాన్లన్నీ కారిపోతాయి, తర్వాత మళ్లీ మొదటి నుంచి నింపుకోవాలి. కొన్ని సెకన్లకొకసారి అలా ఖాళీ చేయడం మొదలుపెట్టాక ఆ గుబ్బ మాయమైంది.

తేలిక అయాన్లు ఇక్కడే మేలు చేస్తాయి. పుంజం నిరంతరం తాకుతూ ఉంటే అయాన్లు వేడెక్కి, చివరికి గొట్టాల వోల్టేజీలు కట్టిన బావి గోడ దూకి పారిపోతాయి. ఒక అయాన్‌కు ఆ బావి ఎంత లోతుగా కనిపిస్తుందన్నది దాని ఆవేశాన్ని బట్టి ఉంటుంది. 10 వోల్టుల గోడ పదికి మించి ఆవేశం ఉండని నియాన్‌కు 100 ఈవీ అడ్డు, 46+ బేరియంకు అదే గోడ 460 ఈవీ అడ్డు. అందుకని కొద్దిగా నియానో నత్రజనో కలిపితే, వేడెక్కిన తేలిక అయాన్లు ముందుగా తప్పించుకుపోతూ ఆ వేడిని తమతో పట్టుకుపోతాయి, బరువైనవి చల్లబడి నిలుస్తాయి. మే నెల ఒంగోలు ఎండలో మట్టికుండ నీటిని చల్లబరిచేది కూడా సరిగ్గా ఈ పద్ధతిలోనే: వేగమున్న అణువులు ఆవిరై పోతాయి, మిగిలినవి చల్లబడతాయి. ఈ చల్లదనం లేకపోతే బరువైన అయాన్లు గంటల మాట అటుంచి, ఎక్కువ సెకన్లు కూడా నిలవవు.

ఇన్ని కలిసి నిర్ణయించే మిశ్రమంలో దేని పాలు ఎంతో ఎలా తెలుస్తుందని మీరు అడగలేదు గాని, సెమినార్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నేను ఎక్కువగా ఆధారపడినది వికిరణ పునస్సంయోగం. పుంజంలోని ఎలక్ట్రాన్ ఒకటి అయాన్‌లోకి పడిపోయినప్పుడు, తన గతిశక్తీ, ఆ కక్ష్య బంధన శక్తీ రెండూ కలిపి ఒకే ఎక్స్-రే ఫోటాన్‌గా వదులుతుంది. పుంజం నిజమైన శక్తి 8 కేఈవీ అయితే, పూర్తిగా ఒలిచిన ఆర్గాన్‌లోకి పడితే 12.43 కేఈవీ, ఒక్క ఎలక్ట్రాన్ మిగిలిన ఆర్గాన్‌లోకి పడితే 12.12 కేఈవీ ఫోటాన్ వస్తుంది. సుమారు 300 ఈవీ దూరంలో రెండు శిఖరాలు, మంచి సాలిడ్ స్టేట్ డిటెక్టర్ వాటిని విడదీస్తుంది. ఆ శిఖరాల ఎత్తులను సైద్ధాంతిక అడ్డుకోత వైశాల్యాలతో భాగిస్తే మిశ్రమం నిష్పత్తి వస్తుంది. పైగా పుంజం శక్తి ఎంతో కూడా అదే ఫోటాన్ చెప్పేస్తుంది గనుక, పైన చెప్పిన 250 వోల్టుల తగాదా కూడా అక్కడే తీరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పుంజం ఒకే దిశలో పోతుంది కాబట్టి లోపలి నుంచి వచ్చే కాంతి అన్ని దిక్కులకూ సమానంగా రాదు, కొంత ధ్రువణం కూడా ఉంటుంది. కిటికీ పుంజానికి 90 డిగ్రీల కోణంలో ఉంటే దానికి తగిన దిద్దుబాటు చేయాలి.

ఇంతకంటే సూక్ష్మంగా రేఖలను విడదీయాలంటే స్ఫటిక వర్ణపటమాపకం కావాలి. గోళాకారంలో వంచిన అభ్రకం రేకులనే స్ఫటికంగా వాడేవి కూడా ఉన్నాయి. అభ్రకం పొరల మధ్య దూరం సుమారు 10 ఆంగ్‌స్ట్రాంలు, తక్కువ శక్తి ఎక్స్-రేలకు అది సరిపోతుంది. గూడూరు గనుల వైపు పెరిగినవాడిని కాబట్టి, మొదటిసారి ఆ రేకును చూసినప్పుడు చిన్నప్పుడు దారి పక్క ఏరుకున్న మెరుపు ముక్కలు గుర్తొచ్చాయి.

మీ ఆకుపచ్చ రేఖకు తిరిగి వస్తాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన పక్క గుంటూరులోనే వర్ణపటదర్శినితో చూశారు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు రేఖ హీలియం కథకు మొదలు. మరుసటి ఏడాది అమెరికాలో కనిపించిన గ్రహణంలో 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ రేఖ బయటపడింది. తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోకపోవడంతో కరోనియం అనే లేని మూలకానికి అంటగట్టారు. 1940ల తొలినాళ్లలో స్వీడన్ శాస్త్రవేత్త ఎడ్లెన్ దానిని 13+ ఇనుముగా గుర్తించారు. (ఖగోళ శాస్త్రవేత్తలు దీనిని పద్నాలుగో ఇనుము అని రాస్తారు, తటస్థ పరమాణువు వారికి ఒకటో నంబరు. స్లైడులో ఈ రెండు లెక్కలను కలిపేయవద్దు, నేను చూసిన విద్యార్థి సెమినార్లలో ఎక్కువ తప్పులు ఇక్కడే.) ఈ రేఖ నిషిద్ధ సంక్రమణం వల్ల వస్తుంది, అంటే పై స్థితిలోని అయాన్ తొందరపడి దిగదు. ఎంతసేపు ఆగుతుందన్నదానిని హైడెల్‌బర్గ్‌లోని ఈబిట్‌లో కొలిచారు: 16.7 మిల్లీసెకన్లు. పుంజాన్ని ఠక్కున ఆపేసి, అయస్కాంత క్షేత్రంతోనూ చివరి గొట్టాల వోల్టేజితోనూ అయాన్లను పట్టి ఉంచి, ఆ ఆకుపచ్చ కాంతి ఎలా తగ్గుతోందో చూడటమే ఆ పద్ధతి సారాంశం. మామూలు పరమాణు సంక్రమణాలు నానోసెకన్లలో ముగిసిపోతాయి, ఇది వాటికి దాదాపు కోటి రెట్లు నిదానం. ఎగిరిపోతున్న అయాన్‌తో అంత నిదానమైన దానిని కొలవడం మహా కష్టం.

మీ రెండో ప్రశ్నకు సమాధానం చాలావరకు అందులోనే ఉంది. యాక్సిలరేటర్‌లో అయాన్‌ను వేగంగా పంపి పలుచని రేకు గుండా పోనిస్తే ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ పద్ధతిలో మంచి పని జరిగింది. అయితే అయాన్ వేగంగా పోతుంటే డాప్లర్ ప్రభావం రేఖలను జరిపి వెడల్పు చేస్తుంది, ఎన్నో స్థితులు ఒకేసారి ఉత్తేజితమవుతాయి. టోకమాక్ (కేంద్రక సంలీన ప్రయోగాల యంత్రం) ప్లాస్మాలో అయితే ఎలక్ట్రాన్లకు ఒకే శక్తి ఉండదు, విశాలమైన పంపిణీ ఉంటుంది. ఈబిట్‌లో అయాన్లు దాదాపు నిలిచి ఉంటాయి, ఎలక్ట్రాన్ల శక్తిని కొన్ని పదుల ఈవీల కచ్చితత్వంతో మనమే తిప్పుతాం. అలాగని అన్నిటికీ అదే మేలనడం పొరపాటు. అయాన్ల సంఖ్య చాలా తక్కువ, బరువైన అయాన్లను పెద్ద సంఖ్యలో కావాలనుకుంటే జర్మనీలోని డార్మ్‌స్టాట్ నిల్వ వలయం లాంటిదే దారి. హైడ్రోజన్ రకం యురేనియంలో లాంబ్ జరుగుబాటును (క్వాంటం ప్రభావాల వల్ల శక్తి స్థాయి కాస్త జరగడాన్ని) 460 ఈవీగా కొలిచింది అక్కడే. లిథియం రకం (మూడు ఎలక్ట్రాన్లు మిగిలిన) యురేనియంలో 280.645 ఈవీ సంక్రమణాన్ని 0.015 ఈవీ దోషంతో కొలిచింది సూపర్ ఈబిట్‌లో. రెండు పరికరాలూ ఒకే సిద్ధాంతాన్ని చెరొక వైపు నుంచి పరీక్షిస్తున్నాయి.

కొలతలను నమ్మడం గురించి ఒక ఉదాహరణ చెప్పాలి. 16+ ఇనుములో 15 ఆంగ్‌స్ట్రాంల దగ్గర రెండు ఎక్స్-రే రేఖల బలాల నిష్పత్తి నక్షత్రాలలో సిద్ధాంతానికి సరిపోయేది కాదు. తప్పు నక్షత్ర నమూనాలదా, పరమాణు లెక్కలదా అని తేల్చడానికి 2012లో ఈబిట్‌లోని అయాన్ల మీదికి ఎక్స్-రే లేజర్‌ను పంపి కొలిస్తే 2.6 వచ్చింది. సిద్ధాంతం చెప్పేది దాదాపు 3.5. లెక్కలు వేసేవారి మీద పదేళ్లు నింద నిలిచింది. 2022లో మరింత సూక్ష్మంగా రేఖలను విడదీసి, వాటి అంచుల తోకలను కూడా లెక్కలోకి తీసుకుని కొలిస్తే 3.51 వచ్చింది. అయాన్లు మారలేదు, ట్రాప్ రకం మారలేదు, రేఖను ఎంత స్పష్టంగా చూశారన్నదే మారింది. ఈ సంగతిని సెమినార్‌లో చెబితే మీ శ్రోతలు నిద్రపోరని నా నమ్మకం.

మూడో ప్రశ్న, యంత్రం లేకుండా ఏం చేయవచ్చునన్నది. ద్రవ హీలియం అక్కరలేని, శాశ్వత అయస్కాంతాలతో నడిచే చిన్న ఈబిట్‌లు ఇప్పుడు వచ్చాయి, బల్ల మీద పట్టేంతవి కూడా ఉన్నాయి. అయినా కావలిలో మీకు ఇప్పుడు అవి దొరకవు కాబట్టి కంప్యూటర్‌తో చేయగలిగేది చెబుతాను. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ పరమాణు వర్ణపట పట్టికలను ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది, ఆర్గాన్ అయనీకరణ శక్తులన్నీ అందులో దొరుకుతాయి. 0 నుంచి 18+ దాకా ఒక్కొక్క ఆవేశ స్థితికి ఒక్కొక్క అవకలన సమీకరణం రాయండి: కింది మెట్టు నుంచి అయనీకరణతో వచ్చేది, పై మెట్టు నుంచి పునస్సంయోగంతోనూ ఆవేశ మార్పిడితోనూ దిగేది, తన నుంచి పోయేది. అయనీకరణకు లోట్జ్ సూత్రం చాలు. పంతొమ్మిది సమీకరణాలు, పైథాన్‌లో ఒక సాయంత్రం పని.

దానిని నడిపి మూడు గ్రాఫులు గీయండి. మొదటిది 10 కేఈవీ దగ్గర కాలంతో పాటు ఒక్కొక్క ఆవేశ స్థితి పాలు ఎలా మారుతుందో చూపేది. రెండోది అదే లెక్క పీడనాన్ని పదిరెట్లు చేస్తూ 10⁻¹⁰ నుంచి 10⁻⁸ టార్ దాకా. మూడోది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది: పీడనాన్ని స్థిరంగా ఉంచి, శక్తిని 4.5 కేఈవీ నుంచి 15 కేఈవీ దాకా పెంచుతూ 18+ పాలు ఎక్కడ గరిష్ఠమవుతుందో చూడటం. అది అయనీకరణ శక్తిని దాటీ దాటగానే రాదు, దానికి రెండు మూడు రెట్ల దగ్గర వస్తుంది, ఎందుకో లోట్జ్ సూత్రంలోని లాగరిథమ్‌ను చూస్తే తెలుస్తుంది. ఆర్గాన్ పూర్తయ్యాక ఇనుముకు మారి, 13+ పాలు ఎంత దాకా పెంచగలరో ప్రయత్నించండి. పుంజం శక్తిలో ఆ 40 వోల్టుల తగ్గింపును వేయడం మాత్రం మరవకండి. మీకు వచ్చిన గరిష్ఠ పాలు ఎంతో, ఏ పీడనం దగ్గర వచ్చిందో ఇక్కడే రాస్తే నా పాత నోట్‌బుక్కులోని అంకెలతో పోల్చి చెబుతాను.